జారుడు పెట్టెకు సెలవుచీటీ

బండి మరమ్మతు దినచర్య
ఊరు: కొత్త ఎర్రగుంట్ల. బండి నంబరు: నాలుగు.
రాసేవారు: ఓబులేసు. నాపరాయి పాలిషు పని చేసి మానుకున్నవాడు. చదువు ఐదో తరగతి.

దినం 1
వెలిగిన లైట్లు: మూడు
రాసినవారి ఆరోగ్యం: బ్రహ్మాండం

ఈ పుస్తకం చదివే పెద్దలందరికీ ముందుగా నమస్కారాలు. మన ఊళ్లో ఎవరు బండి విప్పినా, విప్పినవాళ్లు కాకుండా వేరొకరు చేత్తో దినచర్య రాయాలని నియమం. విప్పుతున్నది మా అమ్మాయి సుంకులమ్మ. ఆ వేరొకరిని నేను. ఇది రాస్తుంటే కలం ఒకచోట నిలవడం లేదు. ముసలితనం వల్ల కాదు, సంతోషం వల్ల. అక్షరాలు వంకరగా ఉంటే సంతోషం అనుకుని చదువుకోండి.

నిన్న ఊరి సభలో పేరు చదివారు. దూదిబయలు దాటి కొత్త ముద్దనూరుకు మొదటి బండి తోలేది మా సుంకులే! పదహారేళ్లుగా ఊరందరి బండ్ల కింద పడుకుని ముఖానికి నూనె పూసుకున్న పిల్ల. నేను లేచి చప్పట్లు కొట్టాను. అందరూ ఆపేశాక కూడా కొట్టాను. మా ఆవిడ లింగమ్మ కూర్చోమని నా చొక్కా పట్టి లాగింది. కింది లోకంలో, అంటే భూమ్మీద అయితే కుర్చీలో పడేవాణ్ణి. ఇక్కడ ఒంటికి బరువు తక్కువ కదా, ఎగిరి పక్కాయన ఒళ్లో పడ్డాను. ఆయన చేతులు పట్టుకుని ఆయనతో కూడా చప్పట్లు కొట్టించాను.

విషయానికి వస్తాను. దూదిబయలు అంటే నూట అరవై కిలోమీటర్ల దుమ్ము. జల్లెడ పట్టిన పిండిలా ఉంటుంది. ఇంతకుముందు పోయిన రెండు బండ్లూ నడుములోతు కూరుకుపోయాయి. ఎందుకు కూరుకుపోయాయో మా సుంకులు కనిపెట్టింది. బండిలో జారుడు నివారణ అని ఒక పెట్టె ఉంది. నాలుగు చక్రాల దగ్గర నాలుగు బుడిపెలు కూర్చుని, ఏ చక్రం ఎంత తిరుగుతోందో ఆ పెట్టెకు చెబుతుంటాయి. ఏ చక్రమైనా గిర్రుమంటే చాలు, బండి జారిపోతోందని పెట్టె హడలిపోయి మోటారుకు కరెంటు తగ్గించేస్తుంది. గట్టి నేల మీద అది మంచి బుద్ధే. దుమ్ములో మాత్రం చక్రం గిర్రుమని దుమ్మును వెనక్కి చిమ్మితేనే బండి ముందుకు కదులుతుంది.

"ఇది మహా పిరికిది నాయనా. పీకేస్తాండా," అంది సుంకులు బండి కిందినుంచి.

"పీకెయ్ తల్లీ," అన్నాను. ఆ సమయంలో గుండెకాయ పీకుతానన్నా అదే మాట అనేవాణ్ణి.

పెట్టె, నాలుగు బుడిపెలు బయటికి వచ్చాయి. తాళం తిప్పాం. డ్యాష్‌బోర్డు మీద మూడు లైట్లు వెలిగాయి. ఒకదాంట్లో కారు వెనక రెండు పాములు మెలికలు తిరుగుతున్న బొమ్మ. ఒకటి పసుప్పచ్చ గుండ్రం. ఒకటి బ్రేకుది, పండు మిరపకాయంత ఎరుపు. వేగం చూపే ముల్లు సున్నా మీద పడుకుని లేవనంది. డ్యాష్‌బోర్డుకు నోరు కూడా ఉంది. "జారుడు నివారణ యంత్రము పలుకుట లేదు," అని మా పాత హెడ్మాస్టరు గొంతుతో చెప్పింది.

లైట్లు నాకైతే చాలా అందంగా కనిపించాయి. ఆ మాటే అన్నాను.

"అందం కాదు నాయనా, అవి వెలగతాంటే ఖాజాబీ గేటు తెరవదు," అంది సుంకులు.

ఊళ్లో గాలి బయటికి పోకుండా కాసే గాలి తలుపు ఉంది కదా, ఖాజాబీ మేడమ్ అక్కడ తనిఖీ అధికారి. ఒక్క లైటు వెలుగుతున్నా బండిని బయటికి పంపదు. ఏడో దినంలోపు మేము బయలుదేరకపోతే ముద్దనూరు వాళ్లు ఈ దారి మీద ఆశ వదులుకుని, మనుషుల్లేని బండ్లు పైనుంచి దింపించుకుంటారు. దూదిబయలు దారి మూసేస్తారు. సుంకులు మళ్లీ బండ్ల కిందికే.

మేము తీసుకుపోవలసిన సరుకు ఒక్క కుండ పెరుగు. నవ్వకండి. ముద్దనూరులో వేడిపెట్టె చెడిపోయి తోడుకు దాచిన పెరుగు చచ్చిపోయింది. నలభై రెండు దినాలుగా అక్కడ పాలున్నాయి గానీ పెరుగు లేదు. నాలుగు వందల మంది సంగటిలోకి మజ్జిగ లేకుండా బతుకుతున్నారు. మా లింగమ్మ పెరుగేమో ముప్పై ఎనిమిదేళ్లుగా తెగలేదు. ఈ రోజుది నిన్నటిదాంతో, నిన్నటిది మొన్నటిదాంతో తోడుపెట్టినదే.

పీకిన పెట్టెను ఇంటికి తెచ్చాను. బరువుగా, చదరంగా ఉందని లింగమ్మ దాన్ని కడిగి పెరుగు కుండ మూత మీద పెట్టింది.

దినం 2
వెలిగిన లైట్లు: మూడు, కానీ కనబడవు (తర్వాత కనబడ్డాయి)
రాసినవారి ఆరోగ్యం: బ్రహ్మాండం

ఈ రోజు ఉపాయం నాది. పొద్దున్నే లింగమ్మ బొట్టుబిళ్లల అట్ట తీసుకుని బండి దగ్గరికి పోయాను. మూడు లైట్ల మీద మూడు పెద్ద నల్ల బిళ్లలు అంటించాను. అందంగా ఉంటుందని చుట్టూ చిన్న ఎర్రవి కూడా అంటించాను. సుంకులు చూసి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆనందం పట్టలేక అనుకున్నాను.

ఖాజాబీ మేడమ్ తనిఖీకి వచ్చింది. తలుపు తెరిచి లోపలికి తొంగిచూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"ఏంది పెద్దాయనా ఇది? డ్యాష్‌బోర్డుకి పెళ్లి చూపులా?"

"ఒక్క లైటు కూడా వెలగడం లేదు మేడమ్! మీరే చూడండి!"

"వెలగకపోతే ఇంకా తప్పు," అందావిడ. "తాళం తిప్పుతానే లైట్లన్నీ ఒకసారి వెలగాల. మూడు లెక్కపెట్టే లోపల ఆరిపోవాల. వెలిగితే లైటు బతికుండాదని అర్థం. ఆరితే బండి బాగుండాదని అర్థం. నీ లైట్లు బతికుండాయో చచ్చినాయో నాకెట్ల తెలుస్తాది?"

గోటితో నల్ల బిళ్ల ఒకటి పీకింది. కింద పాముల కారు మిలమిలలాడింది. ఆ బిళ్లను ఎక్కడ పారెయ్యాలో తెలియక నా నుదుటి మీద అంటించి వెళ్లిపోయింది.

ఇంటికి పోతే లింగమ్మ అడిగింది: "పన్నెండు బిళ్లలు పోయినాయి. యాడికి పోయినాయి?"

నా నుదురు చూసి, "పదకొండు," అని దిద్దుకుంది.

దినం 3
వెలిగిన లైట్లు: పద్నాలుగు
రాసినవారి ఆరోగ్యం: బ్రహ్మాండం, మెడ మాత్రం పట్టేసింది

ఈ పుట పడుకుని రాస్తున్నాను. నా ఇష్టంతో కాదు.

ఆ మూడు లైట్లకు కరెంటు అందించే ఫ్యూజు తీసేస్తే ఏమవుతుందో చూద్దామని సుంకులు అనుకుంది. ఏడో నంబరో, ఎనిమిదో నంబరో తేలలేదు. "ఏడు శుభం తల్లీ," అన్నాను పక్కసీట్లో కూర్చుని. ఏడు తీసింది.

వెంటనే వైపర్లు రెండూ కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఈ లోకంలో వానే లేదు, ఈ బండికి వైపర్లున్నాయని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. హారన్ మోగింది. తలుపులు నాలుగూ ఠక్కుమని బిగుసుకున్నాయి. నా సీటు మెల్లగా వెనక్కి వాలుతూ వాలుతూ నన్ను పూర్తిగా పడుకోబెట్టేసింది. తీసిన ఫ్యూజు మళ్లీ పెట్టినా ఏదీ మాట వినలేదు. సుంకులు బయట నిలబడి అద్దం మీద కొడుతూ అరిచింది.

"నాయనా! భయపడొద్దు! తలుపు విప్పుతాండా!"

"నాకేం భయం తల్లీ! చాలా బాగుంది! వీధంతా ఇటే చూస్తాండారు!"

తలుపు విప్పడానికి గంట పట్టింది. ఆ గంటసేపు డ్యాష్‌బోర్డు నా చెవి దగ్గర చెబుతూనే ఉంది. మొదట చిరాకు వేసింది. తర్వాత శ్రద్ధగా విన్నాను.

"మోటారు. ఉన్నది. బ్రేకు. ఉన్నది. గాలి తొట్టి. ఉన్నది. జారుడు నివారణ. జారుడు నివారణ. పలుకుట లేదు. మొదటి చక్రము. పలుకుట లేదు. రెండవ చక్రము. పలుకుట లేదు."

పడుకున్నచోటే మెడ ఎత్తాను. ఇది నాకు తెలిసిన పాట! మా బడిలో రాజారత్నం అయ్యవారు పొద్దున్నే పిలిచే హాజరు పట్టీ అచ్చం ఇలాగే ఉండేది. పేరు రెండుసార్లు పిలిచి, పలకకపోతే ఎర్ర సిరాతో సున్నా చుట్టేవాడు. ఈ లైట్లు కూడా అంతే! పెట్టె పోయిందని డ్యాష్‌బోర్డుకు తెలియనే తెలియదు. బడికి రాలేదనుకుంటోంది.

తలుపు తెరుచుకోగానే సుంకులుకు చెప్పాను. ఆమె చేతిలో స్పానరు కింద పెట్టింది.

"నాయనా, నువ్వు ఐదో తరగతితో ఎందుకు ఆపేసినావు?"

ముప్పై ఎనిమిదేళ్ల పిల్ల, నన్ను ఎప్పుడూ ఇంతగా మెచ్చుకోలేదు. వైపర్లు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి. నాకైతే అవీ చప్పట్లలాగే వినిపించాయి.

దినం 4
వెలిగిన లైట్లు: సున్నా (అయినా లాభం లేదు)
రాసినవారి ఆరోగ్యం: కొంచెం తగ్గింది

పొద్దున ముందుగా నేను ప్రయత్నించాను. డ్యాష్‌బోర్డు "జారుడు నివారణ" అని పిలవగానే "హాజరు సార్!" అని గట్టిగా అరిచాను. అది పట్టించుకోలేదు. గొంతు మార్చి అరిచాను. ముక్కుతో కూడా అరిచాను.

"తీగల్లోంచి పలకాల నాయనా, నోటితో కాదు," అని సుంకులు నన్ను పక్కకు జరిపింది. అగ్గిపెట్టెంత బిళ్ల ఒకటి తయారుచేసి తీగలకు కలిపింది. జారుడు నివారణను పిలిచినప్పుడల్లా అది "ఉన్నాను" అంటుంది. చక్రాలను పిలిచినా "ఉన్నాను" అంటుంది. మా బడిలో నేను రేగుపండ్లకు పోయినప్పుడు, నా పక్కన కూర్చునే చిన్నమస్తాను అనే పిల్లాడు నా బదులు పలికినట్టే.

తాళం తిప్పాం. లైట్లన్నీ వెలిగాయి. మూడు లెక్కపెట్టాను. అన్నీ ఆరిపోయాయి! నేను బండి చుట్టూ ఎగిరాను. ఇక్కడ ఎగిరితే దిగడానికి కాస్త సమయం పడుతుంది, అందువల్ల సంతోషం కూడా ఎక్కువసేపు ఉంటుంది.

ఖాజాబీ మేడమ్ చూసి తల ఊపింది. తర్వాత బండిని నాపరాయి గచ్చు మీదికి తోలించింది. ఆ గచ్చు పాలిషు పట్టింది నేనే. అద్దంలా ఉంటుంది, ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. అంత నున్నగా పట్టినందుకు ఈ రోజు మొదటిసారి బాధపడ్డాను.

"తొక్కు," అంది సుంకులుతో.

సుంకులు తొక్కింది. చక్రాలు నాలుగూ ఉన్నచోటే బొంగరాల్లా తిరిగాయి. "జారుడు నివారణ యంత్రము చక్కగా పనిచేయుచున్నది," అని డ్యాష్‌బోర్డు చెప్పింది. బండి పక్కకు జారిపోయి గోడకు ఆనుకుంది.

ఖాజాబీ మేడమ్ కేకలేయలేదు. అదే కష్టంగా అనిపించింది.

"లైటు వెలిగితే లోపం ఉండాదని తెలుస్తాది సుంకులూ. నువ్వు దానికి అబద్ధం నేర్పించినావు. రేపు ఇంకొకరు ఈ బండి ఎక్కుతారు. పెట్టె ఉండాదనుకోని మలుపు తిప్పుతారు. అప్పుడో?"

సుంకులు తల దించుకుంది. "తప్పే మేడమ్," అంది. బిళ్లను పీకి జేబులో వేసుకుంది. ఇంటికి వచ్చింది. సంగటి ముద్ద సగం తిని లేచింది. ఇంకా మూడు దినాలే ఉన్నాయి.

లింగమ్మ నా పక్కన కూర్చుని మెల్లగా అంది: "చెప్పక చెప్పక అబద్ధమే చెప్పినావా? చీటీ రాసిస్తే పోయేది కదా. మా నాయన నా బడికి ఎన్ని రాసిచ్చినాడో."

దినం 5
వెలిగిన లైట్లు: ఒక్కటి, అది కూడా ఆకుపచ్చది!
రాసినవారి ఆరోగ్యం: బ్రహ్మాండం

సెలవుచీటీ! రాకుండానే "వచ్చాను" అంటే అబద్ధం. రాలేనని చీటీ రాస్తే మర్యాద. ఎర్ర సున్నా పడదు, అయ్యవారికీ అంతా తెలిసే ఉంటుంది.

వర్క్‌షాపు తెర మీద వెతికితే ఉండనే ఉంది: "భాగము యొక్క గైర్హాజరు నమోదు." ఊరు పుట్టినప్పటినుంచి ఎవరూ దాన్ని తెరవలేదు. కారణం, ఎన్ని దినాలు, సంరక్షకుని సంతకం, తనిఖీ అధికారి ఆమోదం అని గళ్లు ఉన్నాయి. సుంకులు బండి కింద ఫ్యూజులు సర్దుతోంది. నేను స్నానం చేసి వచ్చి, శుభ్రంగా ఇలా రాశాను:

"గౌరవనీయులైన డ్యాష్‌బోర్డు గారి సముఖమునకు, నమస్కరించి వ్రాయునది ఏమనగా, మా జారుడు నివారణ పెట్టెను ఇంటి వద్ద ముఖ్యమైన పని ఉండుటచే బండి నుండి తీసివేసితిమి. కావున అది బండి పనికి రాజాలదు. అది లేదన్న సంగతి బండి ఎక్కువారందరికీ తెలియునట్లు చూపించుచు, దయతో సెలవు ఇప్పించవలెనని కోరుచున్నాను. ఇట్లు, తమ విధేయుడు, ఓబులేసు, సంరక్షకుడు."

ఎన్ని దినాలు అన్న గడిలో మూడు అని వేశాను. సెలవుచీటీ అంటే మూడే కదా.

ఖాజాబీ మేడమ్ మూడుసార్లు చదివింది. పెదవులు బిగపట్టింది గానీ భుజాలు ఊగాయి.

"ఇంటి దగ్గర దానికేం పని పెద్దాయనా?"

"పెరుగు కుండ మూత మీద బరువు మేడమ్."

"నిజమే రాసినావు. మూడు దినాలా? పోయేదానికి చాలు, వచ్చేటప్పుడు మళ్లీ రాసుకో." ఆమోదించింది.

డ్యాష్‌బోర్డు కాసేపు ఆలోచించింది. పాముల కారు ఆరింది. గుండ్రం ఆరింది. మిరపకాయ ఆరింది. ఓ మూలన చిన్న ఆకుపచ్చ లైటు వెలిగింది: "జారుడు నివారణ: సెలవులో ఉన్నది." ఎవరు ఎక్కినా ముందు అదే చదువుతారు. సుంకులు బండి కిందినుంచి పాక్కుంటూ వచ్చి నా కాళ్లు పట్టుకుంది. దణ్ణం కాదు, లేవడానికి. అయినా దణ్ణం లెక్కలోనే వేసుకున్నాను.

పక్కసీటుకు ఎవరిని తీసుకుపోతావని ఖాజాబీ మేడమ్ అడిగితే, సుంకులు గడ్డంతో నా వైపు చూపించింది. ఇక్కడ అక్షరాలు మరీ వంకరగా ఉంటాయి. క్షమించాలి.

దినం 6
ఎర్రగాలి, అంటే దుమ్ము తుఫాను. గేటు తెరవలేదు. ఖాజాబీ మేడమ్ నిన్నటినుంచి తలుపు సందుల్లో గుడ్డలు కుక్కిస్తోంది. లింగమ్మ కుండను దుప్పట్లో చుట్టి, పసిబిడ్డకు చెప్పినట్టు నాకు జాగ్రత్తలు చెప్పింది. పూట పూటకీ గోరువెచ్చని పాలు పోయాలట. నాలుగు పూటల పాలు ఇచ్చింది.

దినం 7
వెలిగిన లైట్లు: ఆకుపచ్చది
రాసినవారి ఆరోగ్యం: బ్రహ్మాండం

పొద్దున గాలి తగ్గింది. బయలుదేరాం! మా సుంకులు తోలుతోంది! నేను పక్కన ఉన్నాను! కుండ నా కాళ్ల మధ్య ఉంది, మూత మీద పెట్టె ఉంది.

దుమ్ములోకి దిగగానే బండి ముక్కు ఒకసారి కిందికి పోయింది. నేను కుండను కౌగిలించుకున్నాను. సుంకులు బూటు తీసేసి, ఒట్టి కుడికాలితో తొక్కింది. చక్రాలు గిర్రుమన్నాయి, వెనక దుమ్ము ఇంటెత్తు లేచింది, బండి తేలుకుంటూ ముందుకు పోయింది. కాస్త జారితే కాలు కాస్త ఎత్తుతుంది. పట్టు దొరికితే నొక్కుతుంది. లింగమ్మ పిండి పిసికేటప్పుడు ఇట్లాగే నీళ్లు చిలకరిస్తుంది, కొలత ఉండదు.

"ఎట్ల తెలుస్తాండాది తల్లీ, ఎప్పుడు ఎత్తాలో?"

"అరికాలికి తెలుస్తాది నాయనా. మాట్లాడించొద్దు."

నేను మాట్లాడించలేదు. చాలా కష్టమైంది. సాయంత్రానికి నూట పది కిలోమీటర్లు వచ్చాం. దారిలో పాత బండ్లు రెండూ కనిపించాయి, ఇన్నాళ్ల గాలికి ఇప్పుడు పైకప్పుల వరకు దుమ్ములో మునిగాయి. వాటికి చెయ్యి ఊపాను.

దినం 8
వెలిగిన లైట్లు: మూడు. తర్వాత రాస్తాను
రాసినవారి ఆరోగ్యం: అడగొద్దు

పొద్దున పెరుగుకు చివరి పూట పాలు పోశాను. సుంకులు తాళం తిప్పింది.

"సెలవు ముగిసినది," అంది డ్యాష్‌బోర్డు. "జారుడు నివారణ హాజరు కావలెను."

పాముల కారు. గుండ్రం. మిరపకాయ. హాజరు లేకుండా వేగంగా పోనివ్వనన్నట్టు మోటారు గురకపెట్టి నడక వేగానికి పడిపోయింది. నడక వేగంతో దుమ్ములో బండి నడవదు, దిగబడుతుంది. పది అడుగులు పోయేసరికి చక్రాలు సగం మునిగాయి. సుంకులు ఆపేసింది.

"సెలవెట్ల ముగిసింది? ఎన్ని దినాలు రాసినావు నాయనా?"

"మూడు."

"మూడా? ఎందుకు మూడు?"

"మా బడిలో అందరూ మూడే రాసేవాళ్లు తల్లీ."

ఆమె స్టీరింగు మీద నుదురు ఆనించింది. హారన్ మోగింది. తీయలేదు. హారన్ మోగుతూనే ఉంది. ఊరికి నూట పది, ముద్దనూరుకు యాభై. పాలు లేవు, రేపటికి పెరుగు పులిసి చస్తుంది. సాయం పిలిస్తే లాక్కుపోయే యంత్రం వస్తుంది, దారి మూతపడుతుంది. అంతా నేను వేసిన ఒక్క అంకె వల్ల. 

రేడియోలో ఖాజాబీ మేడమ్‌ను పిలిచాం. ఆవిడ పుస్తకం తిరగేసింది.

"రెండో సెలవుకి ఊరికే ఆమోదం ఇయ్యలేను పెద్దాయనా. అయ్యవారు మళ్లీ మళ్లీ సెలవు పెడితే బడి వాళ్లు ఏం చేస్తారు? బదులు అయ్యవారిని పెడతారు. ఆ పెట్టె పని ఇప్పుడు ఎవరు చేస్తాండారు? ఆ పేరు రాయి."

"మా సుంకులు కుడి పాదం మేడమ్," అన్నాను వెంటనే.

"పాదమని నువ్వంటావు. నేనెట్ల నమ్మేది? అక్కడ చక్రాల లెక్క చెప్పే బుడిపె ఒక్కటి కూడా లేదు."

 రేడియోలో ఏదో తోపులాట వినిపించింది. తర్వాత లింగమ్మ గొంతు.

"ఏమయ్యా, పెరుగు కదిలిందా?"

"ఇప్పుడు పెరుగు గొడవ..."

"మూత తీసి చూపించు!"

పెట్టెను పక్కన పెట్టి, మూత తీసి, రేడియోకు ఉన్న కెమెరాను కుండ మీదికి వంచాను. అప్పుడే నేను కూడా చూశాను. నిన్న పొద్దున తోడుకున్న పెరుగు నూట పది కిలోమీటర్లు వచ్చింది. పాలు పోసింది అంచున ఒకవైపే. మిగతాదంతా గడ్డగా, నున్నగా, నేను పాలిషు పట్టిన నాపరాయిలా ఉంది. ఒక్క చీలిక లేదు. అంచున ఒక్క చుక్క నీరు తేలలేదు.

అటువైపు లింగమ్మ తెరకు ముఖం ఆనించి చూసింది.

"ఖాజాబీ," అంది. "మా ఇంట్లో బల్ల మీద పెట్టినా ఇంత నున్నగా ఉండదమ్మా. ఈయన పక్కనుంచి నడిచిపోతేనే విరిగిపోతాది. బిడ్డ బండిని జారనీలేదు. ఇంకేం కావాల నీకు?"

ఖాజాబీ మేడమ్ పుస్తకం మూసేసింది. "రాయి పెద్దాయనా. ఈసారి దినాల గడి ఖాళీగా వదులు."

బండి తెర మీద రాశాను: "జారుడు నివారణ పెట్టె ప్రస్తుతము పెరుగు కుండ జారకుండ చూచు పనిలో ఉన్నది. ఇకమీదట చక్రములు జారకుండ చూచు పనిని మా కుమార్తె సుంకులమ్మ కుడి పాదము చేయును. ఆమె ఈ బండిలో కూర్చున్నంత కాలము సెలవు పెట్టదని సంరక్షకునిగా హామీ ఇచ్చుచున్నాను."

ఆమోదం వచ్చింది. "బదులు వచ్చినవారు తమ స్వరముతో పలుకవలెను," అంది డ్యాష్‌బోర్డు. హాజరు పిలవడం మొదలుపెట్టింది.

"మోటారు. ఉన్నది. బ్రేకు. ఉన్నది. గాలి తొట్టి. ఉన్నది. జారుడు నివారణ?"

సుంకులు ముఖం తుడుచుకుంది. వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది, బడిలో మొదటి దినం లాగా.

"హాజరు," అంది.

మిరపకాయ ఆరింది. గుండ్రం ఆరింది. పాముల కారు రెండుసార్లు రెప్ప కొట్టి, అది కూడా ఆరింది. ఆకుపచ్చ లైటు పక్కన కొత్త అక్షరాలు వచ్చాయి: "జారుడు నివారణ: సుంకులమ్మ."

సుంకులు బూటు విప్పి కాలు మోపింది. దుమ్ము ఇంటెత్తు లేచింది.

మధ్యాహ్నానికి ముద్దనూరు.

దినం 9
రాసినవారి ఆరోగ్యం: ఏనుగుకు ఉన్నంత

నిన్న ముద్దనూరులో ఇంటింటి పాలగిన్నెల్లో తలా ఒక చెంచా పడింది. ఈ రోజు పొద్దున ఊరు ఊరంతా గరిటెలు పట్టుకుని, పండగ చేసుకునేవాళ్లలాగా గిన్నెల్లోకి తొంగిచూశారు. తోడుకుంది! ఒక పెద్దావిడ గిన్నె పట్టుకుని ఏడుస్తూ నవ్వింది. ఆవిడ ఎవరో నాకు తెలియదు, అయినా కలిసి ఏడ్చాను. దూదిబయలు దారి ఇకమీదట సుంకులమ్మదేనని రెండు ఊళ్ల సభలూ రేడియోలో ఒప్పుకున్నాయి. పదిహేను దినాలకోసారి పోయి రావాలి. పక్కసీటు నాదే.

తిరుగు ప్రయాణానికి బండెక్కాం. సుంకులు నోటి నిండా మజ్జిగ సంగటి, ఎవరో వదలకుండా కుక్కారు. అలవాటుగా తాళం తిప్పేసింది.

"జారుడు నివారణ?" అంది డ్యాష్‌బోర్డు.

సుంకులు కళ్లు పెద్దవి చేసింది. నోరు తెరవలేదు. కుడికాలు ఎత్తి చూపించింది. డ్యాష్‌బోర్డుకు కాళ్లు కనబడవు.

"జారుడు నివారణ?"

రెండోసారి పిలిస్తే తర్వాత ఎర్ర సున్నాయే. నేను ఆగలేకపోయాను. ముద్దనూరు మొత్తం వినేలా అరిచాను: "హాజరు సార్!"

"స్వరము సరిపోలుట లేదు," అంది డ్యాష్‌బోర్డు. పాముల కారు వెలిగింది.

సుంకులుకు సంగటి మింగుడుపడక, నవ్వు ఆగక, మజ్జిగ ముక్కులోంచి వచ్చి స్టీరింగు మీద పడింది.

వెలిగిన లైట్లు: ఒకటి. కారణం: రాసినవారు.